ఇంపెకబుల్ అంటే ఎవరు?



మొన్న ఇంగ్లీషు టీచరు గారు బోర్డు మీద "ఇంపెకబుల్" అని రాశారు. ప్రవర్తనలో వేలెత్తి చూపడానికి వీల్లేనిది అని అర్థం చెప్పారు. ఇది లాటిన్ నుంచి వచ్చిన మాటట. అందులో "పెక్కారే" అంటే పాపం చేయడం. ముందున్న "ఇం" అంటే కాదు అని. మొదట్లో పాపం చేయడమే చేతకానివాళ్లని ఇలా అనేవారట. ఇప్పుడు బట్టలకీ, మాటతీరుకీ కూడా వాడతారు. దీనికి ముందు "వెరీ" పెట్టకూడదు. (నేను పరీక్షలో పెట్టాను, అరమార్కు పోయింది.)

మేమందరం క్లాస్ లీడర్ వైపు చూశాం. ఆమె మీద ఎప్పుడూ కంప్లయింటు రాలేదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. తప్పు లేకపోవడం వేరు, ఎవరూ తప్పు వెతకకపోవడం వేరు.

పోయిన నెల మా రూములో సబ్బు పోయింది. ముందు ఎవరి పెట్టె తెరిచాం? ఎరుకల అమ్మాయిది. నేను పక్కనే నిలబడ్డాను, వద్దనలేదు. సబ్బు సాయంత్రం బాత్రూం గోడ వెనక దొరికింది. ఆమె ఆ రాత్రి అన్నం తినలేదు. ఎవ్వరం సారీ చెప్పలేదు.

సోషల్ పాఠంలో చదివాం కదా, 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్త జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రాంతానికి కూడా పెట్టారు. ఎరుకల వాళ్లని ఆ జాబితాలో రాసి, స్టువర్టుపురం లాంటి చోట్ల ఉంచారు, హాజరు వేశారు. దొంగతనం చేయకపోయినా, ఆ ఇంట్లో పుడితే చాలు. ఆ చట్టం 1952లో పోయింది. మా రూములో మాత్రం పోలేదు.

మా అమ్మ తునికాకు కోస్తది. ఈ మాట గురించి చెప్తే నవ్వింది. "ఆకునైతే రెండు పక్కలా తిప్పి చూసి మచ్చ లేదంటం. మనిషిని ఒక పక్కే చూసి ఎట్లంటరే?" అన్నది.

నా అభిప్రాయం ఏంటంటే, ఇంపెకబుల్ అనే మాట మనుషులకి వాడకుండా చేసిన పనికి వాడితే బాగుంటది. ఇంకొకటి, ఇకమీదట ఏదైనా పోతే అందరి పెట్టెలూ తెరవాలి. లీడర్ పెట్టె, నా పెట్టె ముందు తెరవాలి. మేడమ్ గారు దీన్ని రూలు చేయాలని కోరుతున్నాను.

నిన్న నేను ఆ అమ్మాయికి సారీ చెప్పాను. "సరేలే" అన్నది. భోజనాల దగ్గర మాత్రం ఇంకా నా పక్కన కూర్చోవడం లేదు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని