కుక్కపిల్లకు నడక నేర్పుట



గతమాసమున వచ్చిన ఉత్తరములలో నొకదానిని ఈ నెలకై వేరుగా నుంచితిని. వ్రాసిన సోదరి యింట అయిదు నెలల కుక్కపిల్ల కలదట. వీధిలోనికి గొనిపోయినప్పుడెల్ల అది ముందు, ఆమె వెనుక. ఒకనాడు పిల్లిని జూచి యది దుమికినంతనే ఆమె వాకిటి మెట్లపై బోర్లపడి మోచేయి గీరుకొనిపోయినది. “దీనికి వీధి యేల? స్తంభమునకు కట్టివేయుము” అని అత్తగారు తీర్పు చెప్పినారట. కట్టివేయుట తప్ప వేరు మార్గము లేదా యని ఆమె యడుగుచున్నది.

కలదు. అత్తగారి భయము న్యాయమైనదే. కోడలి యెముక విరిగిన తరువాత కుక్కను ముద్దుచేయుమని యెవరు చెప్పగలరు? కాని స్తంభమునకు కట్టిన కుక్క నెమ్మదించదు. వ్యయముకాని బలమంతయు అరపులోనికి దిగును. వచ్చినవారిపై నెల్ల ఎగబడును. ఆ యెగబాటు చూచి గొలుసు మరింత పొట్టి చేయుదురు. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టములోని 11వ సెక్షను ప్రకారము, ఎల్లప్పుడును కట్టియుంచు కుక్కకు తగిన వ్యాయామము కల్పింపకుండుటయు నేరమే. ఈ సంగతి అత్తగారికి మెల్లగా చెప్పవలెను సుమా!

కుక్కపిల్ల లాగుట మొండితనముచేత కాదు. దాని సహజమైన నడక మన నడకకంటె వేగమైనది. అంతకంటె ముఖ్యమైనది, లాగిన ఫలము దొరకుచున్నది. చెట్టు మొదట వాసన చూడగోరి లాగును, మనము వెంటబోవుదుము, చెట్టు దొరకును. ఇక నేల మానును? 1898లో అమెరికాలో థార్న్‌డైక్ అను శాస్త్రజ్ఞుడు ఆకలిగొన్న పిల్లులను చెక్కపెట్టెలలో నుంచి పరీక్షించెను. ఏ కదలికచేత తలుపు తెరచుకొని బయటి యాహారము దొరకెనో, ఆ కదలికను పిల్లి దినదినము త్వరగా చేయసాగెను. ఫలమీయని చేష్టలు క్రమముగా జారిపోయెను. కుక్క స్వభావమును అంతియే. లాగుటచేత ఏమియు దొరకరాదు. త్రాడు వదులుగా నున్నప్పుడు సమస్తము దొరకవలెను.

ఎద్దును ముకుత్రాటితో త్రిప్పుట చూచి పెరిగినవారము గనుక కుక్కనుగూడ గుంజి త్రిప్పవచ్చునని మనకు తోచును. అది తగదు. మెడపట్టీని గుంజినప్పుడు శ్వాసనాళము నలుగును. చిన్నజాతి కుక్కలకు ఇది మిక్కిలి ప్రమాదము. గుంజినకొలది బిగిసికొను గొలుసులను కొననే కొనవలదు. రొమ్మునకు తొడిగి ముందువైపున ఉంగరముండు పట్టీ మేలు. మెడపట్టీయే వాడుదురేని దాని క్రింద రెండు వ్రేళ్లు దూరవలెను. త్రాడు బారెడుండిన చాలును. ఇక కొట్టుట యందురా, భారతమున జనమేజయుని తమ్ములు దోషములేని సరమ కుమారుని కొట్టి యేమి తెచ్చుకొనిరో మీ రెరుగుదురు.

పాఠము వీధిలో మొదలుపెట్టరాదు. రెండు దినములు ఇంటిలోనే పట్టీ తొడిగి ఊరక తిరుగనిండు. పిదప పెరటిలోగాని డాబాపైగాని త్రాడు పట్టుకొని నడువుడు. ఎడమ మోకాలి ప్రక్కకు వచ్చినప్పుడెల్ల శనగగింజంత తినుబండారము అక్కడనే అందింపుడు. ఉడికించిన కోడిమాంసము, శాకాహారుల యిండ్లలో ఉడికిన చిలగడదుంప ముక్కలు పనికివచ్చును. ద్రాక్ష, కిస్మిస్, ఉల్లి, చాకొలెట్టు కుక్కకు విషతుల్యములు. పిల్లలు ప్రేమతో పెట్టబోదురు, కనిపెట్టియుండుడు. పూటకు అయిదు నిమిషములు చాలును. ఇంకను చిన్నదైన పిల్లను, రేబీసు టీకాతో సహా పశువైద్యుడు చెప్పిన టీకాలు ముగిసి ఆయన సరే యనువరకు, వీధి నేల త్రొక్కనీయవలదు. అంతవరకు పెరటి పాఠమే.

ఇక వీధి. త్రాడు బిగిసిన క్షణముననే నిలిచిపొండు. గుంజవలదు, కసరవలదు, పాతిన రాయివలె నుండుడు. కొంతసేపు పెనగులాడి, ఏమియు జరుగకపోగా, అది వెనుదిరిగి మీ ముఖము చూచును. త్రాడు వదులగును. అప్పుడే “మంచిది” అని యొక యడుగు వేయుడు. మరల బిగిసెనా, మరల నిలువుడు. మొదటి దినమున గేటునుండి ప్రక్కయింటి గేటుకు చేరుట కే పావుగంటయో పట్టును, ఎదురింటివారు నవ్వుదురు. నవ్వనిండు. నాలుగడుగులు చక్కగా నడచినప్పుడు ఆ చెట్టు మొదటికి మీరే తీసికొనిపోయి తనివితీర వాసన చూడనిండు. మనకు వార్తాపత్రిక యెట్లో దానికి ఆ చెట్టుమొదలు అట్లు. పుటలన్నియు లాగుకొని చదువుట వలదని మాత్రమే మన కోరిక.

అన్నిటికంటె కష్టము కుక్కతో గాదు, ఇంటివారితో. మీరు ఆరు దినములు నిలిచి నేర్పిన దానిని ఆదివారమునాడు అబ్బాయి దానివెంట పరుగెత్తి చెరుపును. అప్పుడప్పుడు మాత్రమే ఫలించు చేష్ట, ఎల్లప్పుడును ఫలించు దానికంటె గట్టిగా పాతుకొనును. లాటరీ చీటీలు కొనువారిని చూచినచో ఈ సంగతి తెలియును. కావున మామగారు, పిల్లలు, పనిమనిషి, ఎవరు త్రాడు పట్టినను ఒకే పద్ధతి యుండవలెను. అది కుదరనిచో పాఠము ముగియువరకు త్రాడు మీరొక్కరే పట్టుడు.

మన వీధులలో ఊరకుక్కలుండును. దూరమున కనబడగానే ప్రక్కసందుకు మరలుట యుత్తమము. త్రాడు బిగబట్టి ఎదురెదుట నిలిపిన కుక్కకు పారిపోవు దారియు, పలుకరించు దారియు నుండవు. జగడ మొక్కటే మిగులును.

త్రాటిని మణికట్టుకు చుట్టుకొనవలదు. అది దుమికినచో గాజులు పగిలి చేయి తెగును. త్రాటి చివరి ముడిలో బొటనవ్రేలు దూర్చి పిడికిలి మూయుడు. చీర కుచ్చిళ్లను కొంచెము పైకి దోపి బయలుదేరుడు. చుట్టుతిరిగిన త్రాడు మొదట పట్టుకొనునది కుచ్చిళ్లనే. వేసవిలో సూర్యోదయమునకు ముందే నడక ముగింపవలెను. మేనెల సాయంకాలములందు తారురోడ్డు చాలసేపు వేడి విడువదు. మీ అరచేతి వెనుకభాగమును ఏడు లెక్కించువరకు నేలపై నుంచి చూడుడు. మీరు ఓర్వలేనిచో దాని పాదములును ఓర్వలేవు. ఆనాడు అది యింటివైపు లాగినచో పాఠము మరచెనని యనుకొనక, నీడలోనికి తీసికొనిపొండు.