కూసోమన్నోళ్లు లేరు

మాది ఆష్టి. గడ్చిరోలి జిల్లా చామోర్షి తాలూకాలో, వైనగంగ ఒడ్డున ఉంటుంది. చంద్రపూర్ నుంచి, గడ్చిరోలి నుంచి వచ్చే దారులు మా ఊళ్ళో కలిసి ఆలపల్లి మీదుగా సిరొంచకు పోతాయి. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. మా అమ్మమ్మది సిరొంచ వైపు. ఆమెకు మరాఠీ అర్థమవుతుంది గానీ నోరు తిరగదు.

మొన్న సెలవుల్లో ఆమెను ఒక బ్యాంకుకు తీసుకెళ్ళాను. కేవైసీ లేదని ఖాతా ఆపేశారు, పింఛను చేతికి రావడం లేదు. కౌంటర్లో ఆయన మరాఠీలో ఏదో అడిగాడు. అమ్మమ్మ తెలుగులో జవాబు చెప్పింది. ఆయన అదే మాట ఇంకా గట్టిగా అడిగాడు. భాష రానివాళ్ళకు చెవుడు కూడా ఉంటుందని ఎందుకనుకుంటారో! మనం 'మీరు' అన్నట్టే మరాఠీలో పెద్దవాళ్ళను 'తుమ్హీ' అంటారు. ఆయన మాత్రం డెబ్బై ఏళ్ళ మనిషిని 'తూ' అన్నాడు. నేను ముందుకెళ్ళి మాట్లాడాను. నా కాలేజీ బ్యాగు చూశాక 'తుమ్హీ'కి మారాడు. అదీ నాతోనే, ఆమెతో కాదు.

పని అయింది. బయటికొచ్చాక అమ్మమ్మ అంది: "పైసలదేముంది బిడ్డా, ఇయ్యాల కాకుంటే రేపొస్తయి. గంటసేపు నిలబడ్డ. కూసోమన్నోళ్లు లేరు."

'ఈ రోజుల్లో మర్యాద పోయింది' అని అందరూ అంటుంటారు. నాకైతే అది పోయినట్టు లేదు, డబ్బున్న వైపుకి జరిగినట్టుంది. బట్టల షోరూములో తలుపు తీసి మరీ 'రండి మేడమ్' అంటారు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే 'మీ కాల్ మాకెంతో విలువైనది' అని రికార్డు వినిపించి పావుగంట ఆపుతారు. ఇది సరుకుతో పాటు వచ్చే ప్యాకింగ్. సరుకు కొనలేనివాళ్ళ సంగతేంటి?

మహారాష్ట్రలో 2023 మార్చి 17 నుంచి ఎస్టీ బస్సుల్లో ఆడవాళ్ళకు సగం టికెట్టు. సిరొంచ దగ్గర గోదావరి వంతెన దాటితే తెలంగాణ. ఇక్కడ అదే ఏడాది డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు సున్నా టికెట్టు. కాకపోతే అది ఈ రాష్ట్రం వాళ్ళకే. నా ఆధార్ అటుది కాబట్టి నేను డబ్బులిచ్చే కొంటాను. ఒకసారి బస్సులో నిలబడ్డ ఒకాయన మా వైపు చూసి "ఊరికే వచ్చేటోళ్లకు సీట్లెందుకు" అన్నాడు. చేతిలో టికెట్టు పట్టుకుని విన్నాను. నా టికెట్టు చూపిద్దామనుకుని ఆగిపోయాను. చూపిస్తే, పక్కనున్న అక్కలను ఆ మాట అనొచ్చని ఒప్పుకున్నట్టే కదా!

మహారాష్ట్రలో 2015లో లోకసేవా హక్కు చట్టం వచ్చింది. ఏ ధ్రువపత్రం ఎన్ని రోజుల్లో ఇస్తారో ఆఫీసులో బోర్డు పెట్టాలి, కారణం లేకుండా ఆలస్యం చేస్తే అధికారికి జరిమానా. మంచిదే. కానీ పెద్దామెకు కుర్చీ చూపించమని చట్టం ఎంతవరకని చెబుతుంది?

కౌంటర్లో ఆయన గురించి కూడా చెప్పాలి. ఆ రోజు క్యూ గుమ్మం దాటింది, తెరిచింది ఒక్కటే కౌంటర్. మధ్యాహ్నం రెండైనా ఆయన టిఫిన్ డబ్బా మూత తీయలేదు. ఆయన్ను కూడా 'తిన్నారా' అని అడిగినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు.

ఇంకో మాట ఒప్పుకోవాలి. హాస్టల్ మెస్సులో వడ్డించే అక్కతో రెండేళ్ళుగా నేను మాట్లాడిన మాట ఒక్కటే: 'ఇంకో చపాతీ'. మెస్ ఫీజు కట్టాం కదా! సెలవుల నుంచి వచ్చాక మొదటిసారి ఆమె పేరు అడిగాను. పేరు చెప్పలేదు. చేతిలో గరిటె అలాగే పట్టుకుని, "ఏమైందమ్మా, నా మీద కంప్లయింట్ ఇస్తవా?" అంది.

పేరు అడిగితే భయపడేలా ఆమెకు అలవాటు చేసింది మనమే. మర్యాద ఎక్కడ పోయిందని వెతకడానికి నేను ఆష్టి దాకా పోనక్కర్లేదు.