పేరు వాళ్లది, మ్యాపు ఎవరిది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, "జిల్లా హద్దులు ఆఫీసు వ్యవహారం, మనకెందుకు" అనేవాళ్లు మన ఊళ్లల్ల ఇంకా ఉన్నారు. వాళ్లకు అదిగేయా సంగతి చెప్పండి.

రష్యా దక్షిణాన, కాకసస్ కొండల పక్కన ఉన్న చిన్న రిపబ్లిక్కు అది. నాలుగు దిక్కులా క్రాస్నోదార్ ప్రాంతమే చుట్టుకొని ఉంటది. 7 జిల్లాలు, 2 పట్టణాలు, అంతే. బయటివాళ్లు చెర్కెస్‌లని పిలిచే అదిగే జనం పేరు మీద ఏర్పడింది. మరి అక్కడ అదిగేలు ఎంతమంది? నలుగురిలో ఒకరు.

ఎట్లా అయింది? మొదటి దెబ్బ తుపాకీతో. 1864లో జార్ సైన్యం యుద్ధం గెలిచి, వాళ్లలో ఎక్కువమందిని నల్లసముద్రం దాటించి ఒట్టోమన్ రాజ్యానికి తరిమేసింది. రెండో దెబ్బ పెన్సిల్‌తో. 1922లో స్వయంపాలిత ప్రాంతం ఇచ్చారు. 1926 జనాభా లెక్కల్లో అదిగేలు సగానికి కొంచెం తక్కువ. 1936లో మైకోప్ పట్టణాన్ని, గియాగిన్‌స్కీ జిల్లాను తెచ్చి కలిపారు. మూడేళ్ల తర్వాత లెక్క తీస్తే నాలుగో వంతు కూడా లేరు! 1962లో దక్షిణాన కొండల వైపు ఇంకో జిల్లా కలిసింది. ఒక్క ఊరు ఖాళీ చేయించే పని లేకుండానే మనుషులను సొంత గడ్డ మీద మైనారిటీ చేయొచ్చన్నమాట.

న్యాయంగా ఒక మాట. అంతకుముందు వాళ్ల పాలనా కేంద్రం వాళ్ల ప్రాంతం బయట, క్రాస్నోదార్‌లో ఉండేది. మైకోప్‌తో రాజధాని దొరికింది, నేల పెరిగింది. కాదనను. కానీ ఆ నేలతో పాటు తలల లెక్క ఎటు మారిందో కూడా చూడాలి కదా.

ఇక రెండో పట్టణం అదిగేయిస్క్. పోలవరం ముంపు మండలాల పిల్లలకు దాని కథ విప్పి చెప్పక్కర్లేదు. కుబాన్ నది మీద రిజర్వాయర్ కట్టారు, వరద ఆపడానికి, వరి మళ్లకు నీళ్లకు. 1970లలో నీళ్లు నింపితే మునిగినవి అదిగే ఊళ్లు. అక్కడి జనాన్ని తెచ్చి పెట్టిన చోటే ఈ పట్టణం. మ్యాపులో అదొక చుక్క.

2005 ప్రాంతంలో మొత్తం రిపబ్లిక్కునే క్రాస్నోదార్‌లో కలిపేద్దామన్నారు. జిల్లాలు ఎట్లాగూ ఉండేవి, పోయేది రిపబ్లిక్కు. సొంత రాజ్యాంగం, సొంత చట్టసభ, అదిగే భాషకు అధికార హోదా, అన్నీ దాంతోనే. అదిగే సంఘాలు అడ్డం తిరిగాయి. ఆ మాట ఆగింది.

మన దగ్గర 2014లో ఖమ్మం జిల్లా మండలాలు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోయినప్పుడు ఆ గ్రామసభలను ఎవరు అడిగారు? మీ ఊరు ఏ ఐటీడీఏ కింద ఉంది, పక్క ఊరు ఐదో షెడ్యూలులో ఉందా బయట ఉందా, ఈ వారం కనుక్కొని కింద రాయండి.