ఆరంభించని శూరులు

ఆంధ్రులు ఆరంభశూరులని ఒక నానుడి. మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవాణ్ణి ఎత్తిపొడవడానికి మనకొక మాట ఉంది. అంతా సవ్యంగా అమరితే గాని మొదలుపెట్టనివాణ్ణి ఎత్తిపొడిచే మాట మాత్రం నాకు తోచినంతలో లేదు. పైగా వాణ్ణి పద్ధతైనవాడని మెచ్చుకుంటాం. విశ్వవిద్యాలయాల్లో చదివే పిల్లలు తమ ఉద్యోగాల గురించి మాట్లాడుకోవడం వింటున్నప్పుడల్లా, దిగులు పడవలసింది ఈ రెండో రకం శూరులను గురించేనని నాకనిపిస్తుంది.

ఇంకో కోర్సు పూర్తయ్యాక రెజ్యూమె పంపుతామంటారు. ఇంగ్లీషు బాగుపడ్డాక ఇంటర్వ్యూకు వెళ్తామంటారు. ఏ దారి తమకు నప్పుతుందో నూటికి నూరుపాళ్ళూ తేలితే గాని అడుగు వెయ్యరు. అడుగు వేస్తే గాని అది తేలదు. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదన్న సామెత వీరికోసమే పుట్టిందేమో!

సివిల్ సర్వీసుల పరీక్షనే చూడండి. జనరల్ అభ్యర్థికి ఆరు ప్రయత్నాలు, 32 ఏళ్ళ వయోపరిమితి. దరఖాస్తు చేసినా ప్రిలిమ్స్‌కు హాజరు కాకపోతే అది ప్రయత్నంగా లెక్కకు రాదు. అందుచేత "సిలబస్ పూర్తి కాలేదు, ఈ ఏడు వద్దు" అని ఆగిపోవడానికి వీలుంది. ఒక్కోసారి అది వివేకమే. ఏటా అదే పని చేస్తే ప్రయత్నాలు మిగులుతాయి, వయసు మిగలదు.

ఉన్నతమైన ప్రమాణాలు పెట్టుకోవడమే తప్పని నేననను. 1991లో హ్యూయిట్, ఫ్లెట్ అనే మనస్తత్వవేత్తలు పరిపూర్ణతాకాంక్షను మూడుగా విడదీశారు: తన నుంచి తాను కోరేది, ఇతరుల నుంచి కోరేది, ఇతరులు తన నుంచి కోరుతున్నారని తాను నమ్మేది. 2019లో కరన్, హిల్ ప్రచురించిన పరిశీలన 1989–2016 మధ్య అమెరికా, కెనడా, బ్రిటన్ విద్యార్థుల సమాధానాలను పోల్చి చూసింది. మూడూ పెరిగాయి. అన్నిటికన్నా ఎక్కువగా, 33 శాతం, పెరిగింది మూడోది. ఆ లెక్క మన పిల్లలది కాదు, నిజమే. కానీ బి.టెక్. ముగియకముందే "ప్యాకేజీ ఎంత?" అని అడిగే చుట్టాలున్న మనకు ఆ మూడోదాన్ని వేరే పరిచయం చేయాలా?

అత్యుత్తమమైనదే కావాలని వెదికేవారికి ఫలితం దక్కదా అంటే, దక్కుతుంది. 2006లో అయ్యంగార్, వెల్స్, ష్వార్జ్ ప్రచురించిన అధ్యయనంలో అలా ఉద్యోగం వెదికిన విద్యార్థులకు తక్కినవారికన్నా 20 శాతం ఎక్కువ జీతాలొచ్చాయి. తృప్తి మాత్రం తక్కువైంది. చేతికొచ్చినదానికన్నా చేజారినదే పెద్దగా కనబడితే, ఎంత జీతం వస్తే మాత్రం ఏం లాభం?

ఈ భయానికి విత్తనం మన చదువుల్లోనే పడుతోందని నా అభిప్రాయం. లాబొరేటరీ రికార్డులను తలచుకోండి. ప్రయోగం తప్పితే ఎందుకు తప్పిందో రాసే చోటు అందులో ఉండదు. సీనియర్ల రికార్డు నుంచి సరైన రీడింగులు ఎత్తి, కొట్టివేతలు లేకుండా, స్కేలుతో గీతలు కొట్టి చూపిస్తేనే మార్కులు. తప్పును దాచడం నేర్పిన చదువే, నాలుగేళ్ళు గడిచాక, తప్పు జరిగే అవకాశమున్న పనుల్లోకి దూకమంటుంది. వాళ్ళెలా దూకుతారు?

భవిష్యత్తును ఫెయిర్ నోట్సులో కాక రఫ్ నోట్సులో రాసుకోవడం విద్యార్థికి అలవాటు చేయాలి. రెండో ఏటి నుంచే మూడు దారులు రాసుకోమనాలి. ఒక్కో దారిలో ఒక చిన్న పని చేయించాలి: ఆ ఉద్యోగంలో ఉన్నవారితో ఒక గంట మాటలు, సెలవుల్లో ఒక నెల పని, చదువుకు ముందే రాసి చూసిన ఒక పాత ప్రశ్నపత్రం. ప్రతి సెమిస్టరు చివరా నచ్చనిదాన్ని కొట్టేయనివ్వాలి. ఆ కొట్టివేతకు మార్కులు తగ్గించకూడదు.

ఇంట్లో పెద్దలం చేయవలసింది ఇంకా తేలిక. పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు "ఏమొచ్చింది?" అనడానికి ముందు "ఈసారి ఏం ప్రయత్నించావు?" అని అడిగితే చాలు.