తెరమీది వార్తాపుట

వార్త వ్రాయుట ఒక విద్య. దానిని పుటలో అమర్చుట మఱియొక విద్య. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1914లో చెన్నపట్టణమున ఆంధ్రపత్రికను దినపత్రికగా వెలువరించిరి. ఆ కాలమున కాగితము కొలతకు లోబడి, ఏ వార్త పైన ఉండవలెనో సంపాదకుడే నిశ్చయించెడివాడు. నేటి వెబ్‌సైటు తెరకు అడుగు లేదు. కనుక ఆ నిశ్చయమును పలువురు నిర్వాహకులు పాఠకునికే విడిచిపెట్టుచున్నారు. ఇది సరికాదు.

నరసరావుపేట ప్రాంతపు రైతొకడు నాగార్జునసాగర్ కుడికాలువ నీటికబురుకై సెల్‌ఫోను తెఱచెననుకొందము. మొదట సినిమాతారల బొమ్మలు. వాని నడుమ కదలెడి ప్రకటనలు. ప్రకటన వచ్చినంతనే చదువుచున్న వాక్యము క్రిందికి జాఱిపోవును. ఎట్టకేలకు వార్త దొరికినను తేదీ కానరాదు. “నేడు నీటి విడుదల” అను శీర్షిక నిరుటిదో నేటిదో తెలియక అతడు నారు పోసినచో, ఆ నష్టమును ఎవరు తీర్తురు?

తెలుగులిపికి వేఱొక చిక్కు కలదు. మన అక్షరములకు పైన గుడి, క్రింద ఒత్తు. “రాష్ట్రము” అనునపుడు ఒత్తులు రెండు. ఇంగ్లీషునకు చాలిన వరుసల ఎడము దీనికి చాలదు. ఒత్తు పోయి క్రిందివరుస గుడిని తాకును. 1991లోనే యూనికోడు తెలుగునకు చోటిచ్చినను, పెక్కేండ్లు కొన్ని పత్రికలు సొంత ఫాంటులనే వాడినవి. అవి లేని కంప్యూటరులో పిచ్చిగీతలే కనబడెడివి. ఆ బాధ చాలవఱకు తీరినది. వరుసల ఎడము పెంచుటకు, తేదీ చూపుటకు ధనవ్యయమెంత? ప్రకటనలు పత్రికకు జీవనాధారమే, కాదనరాదు. వానిని వార్త ముగిసిన పిమ్మట ఉంచక, వాక్యము నడుమ నిలుపనేల?