సాలీడు ఇంటికి కిటికీ

పిల్లలూ!

ఈ నెల నేను చేసిన పొరపాటు ఒకటి మీకు చెబుతాను. ముప్పయి అయిదేళ్ళు పాఠాలు చెప్పినవాడు కూడా తప్పు చెయ్యగలడని మీకు తెలియటం మంచిదే.

అమెరికాలో మా అమ్మాయి కొడుకు ఒక టరంటులాను పెంచుతున్నాడు. టరంటులా అంటే ఒళ్ళంతా నూగు ఉండే పెద్ద సాలీడు. వాడిది మెక్సికో దేశపు జాతి; దాని మోకాళ్ళ దగ్గర ఎర్రగా ఉంటుంది. ఒకనాడు వాడు ఫోనులో దాని గాజుపెట్టె చూపించి, "తాతయ్యా, అద్దం లోపలంతా చెమ్మ పడుతున్నది. మట్టిమీద బూజు కూడా వచ్చింది. ఏం చెయ్యను?" అని అడిగాడు.

"గాలి ఆడటం లేదురా! ఆ మూత తీసేసి ఇనపజాలీ బిగించండి. మా చిన్నప్పుడు పాలూ పెరుగూ పెట్టే అలమరకు ఉండేది, అలాటిది" అన్నాను, ఎంతో తెలిసినవాడిలాగా.

వారం తిరగకుండానే వాడు ఏడుస్తూ ఫోను చేశాడు. రాత్రి సాలీడు అద్దం ఎక్కి జాలీ పట్టుకున్నది. తెల్లవారి చూస్తే అది కింద మట్టిమీద ముడుచుకుని ఉన్నది. ఒక కాలు మాత్రం జాలీకి వేలాడుతున్నది!

ఎందుకిలా జరిగింది? టరంటులా కాళ్ళ చివర మెత్తని నూగూ, దానిలో రెండేసి సన్నని గోళ్ళూ ఉంటాయి. నున్నని అద్దంమీద నూగు అంటుకుంటుంది. జాలీమీద మాత్రం గోళ్ళు తీగల మధ్య దిగి, కొక్కెంలాగా పట్టుకుంటాయి. ఇక ఊడి రావు. అప్పుడది కాలు వదులుకుని తప్పించుకుంటుంది. ఎత్తునుంచి పడితే మరీ ప్రమాదం. దాని పొట్ట చర్మం చాలా పలచన, పగిలితే ప్రాణమే పోతుంది.

మరి గాలి సంగతి? టరంటులా పొట్ట అడుగున నాలుగు చిన్న సంచులున్నాయి. ఒక్కొక్కదానిలో పుస్తకం పేజీలలాగా పలచని పొరలుంటాయి. అందుకే వాటిని పుస్తకాకార ఊపిరితిత్తులు అంటారు. ఎక్కువసేపు కదలకుండా కూర్చునే జీవి గనుక దానికి కొద్ది గాలి చాలు. కాని ఆ గాలి నిలవ ఉండకూడదు. చెమ్మగాలి బయటికి పోవాలి, కొత్తగాలి లోపలికి రావాలి.

మన పాత ఇళ్ళు చూడండి. కింద కిటికీ, పైన కప్పు దగ్గర వెంటిలేటరు. వెచ్చని గాలి తేలిక గనుక పైనుంచి పోతుంది. దాని చోటుకు కిందనుంచి చల్లగాలి వస్తుంది. ఆ వెంటిలేటరు కిందే కూర్చుని నేను జాలీ పెట్టమని సలహా ఇచ్చాను!

వాడూ, వాళ్ళ నాన్నా కలిసి అక్రిలిక్ పలకలతో కొత్త పెట్టె చేశారు. ఒక పక్క కింద వరసగా, ఎదుటి పక్క పైన వరసగా రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రాలు వేశారు. అంచులు గరుకుకాగితంతో నున్నగా రుద్ది, పొడి అంతా తుడిచిన తరవాతనే సాలీడును అందులో వదిలారు. మూతకు జాలీ లేదు. మట్టి ఎక్కువగా పోశారు. మూతదాకా ఎక్కి పడినా దెబ్బ తగలదు. చెమ్మ పోయింది, బూజూ పోయింది.

మరి కాలో? సాలీడు కుబుసం విడిచినప్పుడు పోయిన కాలు మళ్ళీ వస్తుంది. మొదట చిన్నదిగా ఉండి, తరవాతి కుబుసాలతో పెరుగుతుంది. మా మనవడు దానికోసం ఎదురుచూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను.

మీరొక పని చెయ్యండి. ఒకే రకం ప్లాస్టిక్ డబ్బాలు రెండు తీసుకుని, అమ్మచేతగాని నాన్నచేతగాని రంధ్రాలు వేయించండి. ఒకదానికి మూతమీదనే ఆరు. రెండోదానికి ఒక పక్క కింద మూడు, ఎదుటి పక్క పైన మూడు. రెంటిలోనూ ఒకేపాటి తడిగుడ్డ పెట్టి మూత వెయ్యండి. ఏది ముందు ఆరుతుందో రోజూ చూసి రాసుకోండి.

డబ్బాలో గుడ్డే పెట్టండి, సాలీడును కాదు! మన నల్లమల అడవుల్లోనూ నీలిరంగు టరంటులా ఒకటి ఉన్నది. దాన్ని మొదట 1899లో గుర్తించినది మన గుత్తిలోనే. ఇప్పుడవి చాలా కొద్దిగా మిగిలాయి. వాటికి చెట్టుతొర్రే ఇల్లు. ఆ ఇంటికి మనం కిటికీలు పెట్టనక్కరలేదు, చెట్టు కొట్టకుండా ఉంటే చాలు.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.