పులిపిరికి సున్నం మందా?
మెడ మీద, చంకలో, కనురెప్ప అంచున వేలాడే మెత్తటి పులిపిరికి మనవాళ్ల దగ్గర మందులకు కొదవలేదు: సున్నం, చాకలి సోడా కలిపి అద్దుతారు, వెంట్రుకతో బిగించి కడతారు. ఇప్పుడు ఆన్‌లైన్ చుక్కల మందులూ తోడయ్యాయి. వాటిలో ఒక్కదానికీ అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం లేదు. కాలిన మచ్చో, చీముపట్టిన పుండో మిగిలాక గానీ డాక్టరు గుర్తురారు. చర్మవైద్యులైతే చోటు మొద్దుబారే మందిచ్చి, కత్తిరించో, కరెంటు సూదితో కాల్చో, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించో నిమిషాల్లో తీసేస్తారు. అంతకన్నా ముఖ్యం, అది నిజంగా పులిపిరేనా అని చూస్తారు. అనుమానముంటే ముక్కను పరీక్షకు పంపుతారు. గుత్తులుగా పుడుతుంటే షుగరు పరీక్ష చేయించుకోమంటారు. సున్నం డబ్బాకు ఈ వివేచన లేదు. రంగు మారినా, రక్తం కారినా ఇంటి వైద్యం జోలికి అసలే పోకండి.